రాయిని అడగని గుంతలు

2025 నవంబరులో ఢిల్లీలో ‘జల్ సంచయ్ జన్ భాగీదారీ’ పురస్కారాలు ఇచ్చారు. రాష్ట్రాల వరసలో తెలంగాణ మొదట నిలిచింది. వాన నీటిని నేలలోకి పంపడానికో నిలవ చేయడానికో మనం కట్టిన నిర్మాణాలు 5.20 లక్షలు దాటాయి, అందుకు. పోటీ అంతా ఎన్ని కట్టారన్న దాని మీదే. ఎక్కడ కట్టారు, వాటిలో ఎన్ని నీళ్లు తాగుతున్నాయి, ఎన్ని దోమలను సాకుతున్నాయి అనేవి ర్యాంకుకు పట్టని సంగతులు.

ఈ లెక్కల మోజు ఇవాళ్టిది కాదు. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘నీరు-మీరు’ మొదలైంది. అప్పటి నుంచి ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, మాట ఒక్కటే మారలేదు: ఇంటికో ఇంకుడు గుంత తవ్వండి, మీ బోరు నిండుతుంది. బడి పిల్లల వ్యాసాల నుంచి మంత్రుల ప్రసంగాల దాకా ఇదే పాట. ఎంత మంచి మనసుతో చెప్పినా, హైదరాబాద్ కింద ఉన్న రాయి విషయంలో ఇది సగం అబద్ధం. పూర్తి అబద్ధమైతే ఖండించడం తేలిక. సగం అబద్ధంతోనే చిక్కు, నిజమైన సగం ప్రతిసారీ దానికి సాక్ష్యానికొస్తుంది.

ఈ మాట తేల్చుకోవడానికి నగరంలోని హబ్సిగూడ కంటే తగిన చోటు లేదు. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అందరి నోటా ఎన్‌జీఆర్‌ఐ, ఇక్కడే ఉప్పల్ రోడ్డు మీద ఉంది. దాని పేరుతో మెట్రో స్టేషన్ కూడా ఉంది. గట్టి రాతి నేలల్లో నీళ్లు ఎక్కడ నిలుస్తాయి, ఎటు కదులుతాయి అన్న దాని మీద దేశంలో జరిగిన ముఖ్యమైన పనిలో చాలా భాగం ఆ ప్రహరీ లోపలి నుంచే వచ్చింది. ప్రహరీ బయట, వీధి నంబర్లతో పిలుచుకునే కాలనీల్లో మాత్రం, కార్లు పెట్టగా మిగిలిన మూల ఏదుంటే అక్కడ గుంత పడుతుంది. సంపుకూ బోరుకూ ఈశాన్యం వెతుకుతాం. బోరు పాయింటు కోసం అరచేతిలో కొబ్బరికాయ లేపి చూపించే మనిషిని పిలిపిస్తాం. ఆ కొబ్బరికాయ మీద నాకు నమ్మకం లేదు. కానీ నీళ్లు తోడే చోటుకు జరిగే హడావుడిలో వందో వంతైనా నీళ్లు పంపే చోటుకు జరగదన్నది చూస్తున్నదే.

అసలు కింద ఏముంది? నేల లోపల పెద్ద చెరువొకటి ఉందనీ, మన గుంతలోంచి నీళ్లు అందులోకి జారతాయనీ చాలామంది ఊహ. కృష్ణా, గోదావరి డెల్టాల ఇసుకలో ఈ ఊహ కొంతవరకు చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. మన కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. మౌలాలి గుట్ట రూపంలో పైకి కనిపించేదీ, నాచారం, హబ్సిగూడ ఇళ్ల కింద మట్టి కప్పుకుని ఉన్నదీ అదే జాతి రాయి. బోరు బండి వాళ్లకు ఈ వరస కంఠతా వచ్చు. పైన మట్టి, దాని కింద మొరం, మొరం కింద పగుళ్ల రాయి, ఇక అక్కణ్నుంచి గట్టి రాయి. గట్టి రాయిలో బిట్టు దిగినంతసేపూ పైకి లేచేది దుమ్మే. ఆ దుమ్ము చూస్తూ ఇంటాయన అడుగుకింత చొప్పున డబ్బు కడుతూనే ఉంటాడు.

1999లో ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రాన్సు భూగర్భ సంస్థ బీఆర్‌జీఎం కలిసి ఇక్కడ ఇండో-ఫ్రెంచ్ భూగర్భజల పరిశోధన కేంద్రం పెట్టాయి. నగరానికి దక్షిణాన మహేశ్వరం దగ్గర 50 చదరపు కిలోమీటర్లకు పైబడిన పరీవాహక ప్రాంతాన్ని ఏళ్ల తరబడి కొలిచారు. షకీల్ అహ్మద్, మరేషల్, డెవాండెల్ వంటి శాస్త్రవేత్తల పేర్లు ఆ పనితో ముడిపడి ఉన్నాయి. వాళ్లు తేల్చినదాంట్లో రెండు సంగతులు ప్రతి కాలనీ సంఘానికీ తెలియాలి. ఒకటి, అక్కడ నీళ్లిచ్చే పగుళ్లలో ఎక్కువ భాగం 35, 40 మీటర్ల లోపే ఉన్నాయి. ఆ కిందికి పోయేకొద్దీ పగులు తగలడం అదృష్టం. రెండోది, నీటిమట్టం ఆడే లోతులో ఆ రాయి వదిలే నీరు దాని ఘనపరిమాణంలో 1.4 శాతమే. అంటే ఒక ఘనమీటరు రాయిని పూర్తిగా పిండితే 14 లీటర్లు. మన ఇంట్లో బకెట్టు నిండదు.

ఈ 14 లీటర్లకు రెండు వైపులా పదునుంది. రాయి తొందరగా ఖాళీ అవుతుంది, తొందరగా నిండుతుంది. హైదరాబాద్ సగటు వాన ఏడాదికి దాదాపు 800 మిల్లీమీటర్లు. అందులో పదో వంతు, 80 మిల్లీమీటర్లు, ఇంకిందనుకుంటే నీటిమట్టం 5 మీటర్లు దాటి లేస్తుంది. వానలు బాగా పడిన ఏడు అక్టోబరులో బోర్లలో నీళ్లు ఎగదన్నడం, మార్చికల్లా మోటారు గాలి లాగడం, రెండింటికీ కారణం ఇదే. నిజానికి ఆ పదో వంతు కూడా గ్రానైటు నేలల్లో ఉదారమైన అంచనాయే. ఎన్‌జీఆర్‌ఐలో అథవాలే బృందం దేశమంతటా దీన్ని ట్రిటియంతో, అంటే హైడ్రోజన్ రేడియోధార్మిక రూపంతో, కొలిచింది. వానలకు ముందు, వేళ్లు అందని లోతులో, ట్రిటియం కలిపిన నీటిని నేలలోకి ఎక్కించి, వానలయ్యాక మట్టి తవ్వి తీసి ఆ గుర్తు ఎంత దిగిందో చూడటం ఆ పద్ధతి. గ్రానైటు ప్రాంతాల్లో సహజంగా ఇంకేది చాలా చోట్ల వానలో పదో వంతు లోపే అని తేలింది.

దీన్ని ఒక అపార్ట్‌మెంట్‌కు పెట్టి చూద్దాం. వెయ్యి గజాల ప్లాటు, 20 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రామాణిక లెక్క. రోజుకు 10,800 లీటర్లు, ఏడాదికి 39 లక్షల లీటర్లకు పైగా. ఆ ప్లాటు మీద ఏడాదంతా పడే వాన 6.7 లక్షల లీటర్లు. ఒక్క చుక్క ఆవిరి కాకుండా, కాలువలోకి పోకుండా మొత్తం ఇంకినా అవసరంలో ఆరో వంతు. మిగతాది బోరు నుంచే తోడాలంటే ఆ నీరు పక్కవాళ్ల కింది నుంచి రావాలి, పక్కవాళ్లూ అదే పని చేస్తున్నారు. ‘మీ గుంత మీ బోరును నింపుతుంది’ అనేవాళ్లు ఈ కూడికలూ తీసివేతలూ ఒకసారి చేసి చూస్తే బాగుండు.

ఇప్పుడు గుంత సంగతి. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల లోతు, లోపల కంకర, పైన ఇసుక. రాళ్ల మధ్య ఖాళీ అయిదింట రెండు వంతులనుకుంటే అందులో పట్టేది సుమారు 900 లీటర్లే. 200 చదరపు మీటర్ల డాబా మీద 5 మిల్లీమీటర్ల వాన పడితే చాలు, గుంత నిండిపోతుంది. తర్వాతి చినుకు నుంచి అంతా రోడ్డు మీదికే. కాబట్టి గుంత విలువ దాని సైజులో లేదు, ఎంత వేగంగా ఖాళీ అవుతుందన్న దాంట్లో ఉంది. అడుగున బంకమట్టి కలిసిన మొరం ఉండి, నీరు గంటకు సెంటీమీటరు చొప్పున దిగుతుంటే అయిదడుగుల గుంత ఖాళీ కావడానికి ఆరు రోజులు. జులైలో మన దగ్గర వాన ఆరు రోజులు ఆగుతుందా? అదే వీధిలో నాలుగిళ్ల అవతల, మొరం గరుకుగా ఉండి పగుళ్ల రాయి దగ్గరగా ఉన్న చోట, అదే గుంత పూట గడవకముందే మళ్లీ ఖాళీగా సిద్ధంగా ఉండొచ్చు. ఈ రెంటికీ ప్రభుత్వ లెక్కలో విలువ సమానం. ఒక్కో గుంత, ఒక్కో అంకె.

ఇంకో రకం తప్పు దీనికంటే పెద్దది. నీళ్లు ఇప్పటికే పైదాకా ఉన్న చోట నీళ్లు ఇంకించబోవడం. కేంద్ర భూగర్భజల మండలి 2002లో తెచ్చిన కృత్రిమ రీఛార్జ్ మాస్టర్ ప్లాన్ ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. వానాకాలం వెళ్లాక కూడా నీటిమట్టం 3 మీటర్ల కంటే లోతున ఉండి, ఏటేటా ఇంకా దిగుతున్న చోట్లనే ఎంచుకోవాలంది. మన కాలనీల్లో ఈ షరతు చదివినవాళ్లు ఎవరు? ఉస్మానియా యూనివర్సిటీ, తార్నాక ఎత్తుల నుంచి నేల రామంతాపూర్ చెరువు వైపు, ఆ తర్వాత మూసీ వైపు వాలుతుంది. 2020 అక్టోబరు 13 నాటి కుంభవృష్టిలో హబ్సిగూడ వీధి నంబరు 8, రవీంద్రనగర్ మునిగింది ఈ వాలు అడుగునే. ఇలాంటి పల్లపు చోట్ల వానాకాలం చివర్లో కొన్ని సెల్లార్లలో ఊట నీటిని తోడి డ్రైనేజీలోకి పంపే చిన్న మోటారు రాత్రింబగళ్లు తిరుగుతుంటుంది. దానికి పది అడుగుల దూరంలో, నిబంధన ప్రకారం తవ్వి ఫోటో తీయించిన ఇంకుడు గుంత. ఒకే ఆవరణలో ఒక పైపు నీళ్లు కిందికి పంపుతుంటే ఇంకో పైపు అవే నీళ్లు పైకి లాగుతోంది, కరెంటు బిల్లు మెయింటెనెన్స్‌లో పడుతోంది. దీన్ని జల సంరక్షణ అంటున్నాం.

ఉప్పల్ దాటి కాచవాని సింగారం వైపు వెళ్తే ఇది మరీ విడ్డూరం. అక్కడి పొలాల్లోకి నగరం మురుగు మోసుకొచ్చే మూసీ నీరు కాలువల్లో పారుతుంది. గడ్డి, వరి దానితోనే పండుతాయి. ఎన్‌జీఆర్‌ఐ, అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పరిశోధకులు ఆ ఊరిని చాలాకాలం పరిశీలించారు. అక్కడ కొరత నీళ్లకు కాదు, మంచి నీళ్లకు. కాలువ తడి కింద నీటిమట్టం పైనే ఉంటుంది. జిల్లాకింత అని లక్ష్యం పెట్టే అధికారికి మాత్రం ఆ ఊరూ, గుట్ట నెత్తిన ఉన్న ఊరూ ఒకటే.

‘అయినా ప్రతి చుక్కా మేలే కదా, ఎక్కడ ఇంకినా చివరికి అందరికీ అందుతుంది కదా’ అంటారు. ఈ వాదానికి జవాబు విజయవాడ రహదారి మీద చౌటుప్పల్ దగ్గర దొరికింది. అక్కడ పాతికకు పైగా బోర్లు వేసి ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రెంచి శాస్త్రవేత్తలు రాతిలో నీటి నడకను గమనిస్తున్నారు. 2014లో అచ్చయిన వాళ్ల అధ్యయనం సారాంశం ఇది. నీటిమట్టం పైన ఉన్నప్పుడు, మొరానికీ రాయికీ మధ్య సందులో నీళ్లు ఒక బోరు నుంచి ఇంకో బోరుకు పారతాయి, ప్రాంతమంతా ఒకటే. మట్టం ఆ సందు కిందికి దిగిందా, రాయి వేర్వేరు కుండలుగా విడిపోతుంది. ఒక కుండలో పోసింది పక్క కుండకు అందదు. వేసవిలో ఒకే వీధిలో ఒక బోరు పోస్తూ, పక్క ఇంటి బోరు ఎండిపోవడం వెనక ఉన్నది అదృష్టం కాదు, ఇదే. కాబట్టి ‘ఎక్కడ ఇంకినా అందరికీ’ అన్నది వానలు దండిగా పడి, నీళ్ల అవసరం తక్కువగా ఉన్న నెలల్లో నిజం. నీళ్లు కావలసిన ఏప్రిల్‌లో అబద్ధం.

చౌటుప్పల్‌లోనే ఇంకో ప్రయోగం జరిగింది. మట్టినీ మొరాన్నీ తవ్వి తీసి, మూసీ కాలువ నీటిని ఒక మడుగులోకి వదిలి, నీళ్లు ఎటు పోతాయో చూశారు. అవి నేరుగా పాతాళానికి దిగలేదు. మొరం అడుగున, రాయి మొదలయ్యే చోట ఉన్న అడ్డ పగుళ్ల వెంట పక్కకు సాగాయి. ఆ పగుళ్ల దాకా తవ్వి, అవి ఎటు పోతున్నాయో తెలుసుకుంటే రీఛార్జ్ పని చేస్తుంది. అక్కడిదాకా చేరని అయిదడుగుల గుంత మొక్కలకు తడి, అంతే. గట్టి రాతి నేలలో రీఛార్జ్ కుదరదని నేననడం లేదు. కుదిరే చోట్లు కొన్నే ఉన్నాయి, వాటిని వెతకాలి అంటున్నాను.

గుంతతో లాభం లేదని తెలిసినవాళ్లు ఇంకో దారి చెప్తారు: ఎండిపోయిన బోరులోకి డాబా నీళ్లు వదలండి, నేరుగా కిందికి పోతాయి. ఇది మరీ తొందరపాటు. బోరు ఎందుకు ఎండింది? వేసిన రోజే దుమ్ము తప్ప ఏమీ రాలేదంటే దానికి పగుళ్లు తగల్లేదని. నీళ్లివ్వడానికి దారి లేని బోరుకు నీళ్లు తీసుకోవడానికీ దారి ఉండదు, ఒకసారి నింపితే గొంతుదాకా నిండి అలాగే కూర్చుంటుంది. ఒకప్పుడు బాగా పోసి తర్వాత ఎండిన బోరు వేరు, దానికి పగుళ్లున్నాయి, అది తాగుతుంది. కానీ అది వడకట్టకుండా తాగుతుంది. గుంతలో ఇసుక, మట్టి కొంత మురికిని ఆపుతాయి. బోరులో ఆ కాపలా లేదు. నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల పక్కన, లారీల నూనె, వర్క్‌షాపుల రంగులు కలిసిన రోడ్డు నీటిని బోరులోకి వదిలితే అది పక్కింటివాళ్ల సంపులో తేలుతుంది. పటాన్‌చెరు వైపు భూగర్భ జలాలు పరిశ్రమల వల్ల ఏమయ్యాయో చూసిన ఊరు మనది. డాబా నీరు వేరు, రోడ్డు నీరు వేరు. తొలివాన నీటిని పక్కకు మళ్లించి, వడపోత పెట్టి, డాబా నీటిని మాత్రమే వదలాలి. ఈ తేడా పాటించలేనివాళ్లు బోరు జోలికి పోకపోవడమే మంచిది.

ఇక పండితుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం. స్థలాల ఎంపిక ఎప్పుడో జరిగిపోయింది, ఉపగ్రహ చిత్రాలతో పటాలు సిద్ధంగా ఉన్నాయి, ఇక తవ్వడమే తరువాయి అంటారు. ఆ పటాలు ఎలా తయారవుతాయో తెలిస్తే ఇంత ధీమా ఉండదు. నేల వాలు, నేల రకం, వాగుల సాంద్రత, ఉపగ్రహ చిత్రంలో కనిపించే గీతలు, ఒక్కో దానికి ఇన్ని మార్కులని ఎవరో కూర్చుని వేస్తారు. మార్కులు కూడితే పటం మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వస్తాయి. మార్కులు మారిస్తే రంగులు మారతాయి. ఉపగ్రహానికి కనిపించిన గీత నీళ్లు పారే పగులు కావచ్చు, బంకమట్టితో పూడిన పగులు కావచ్చు, పాత బండ్ల బాట కూడా కావచ్చు. మన గ్రానైటులో నల్లరాతి గోడల్లా చొచ్చుకొచ్చిన డోలరైట్లు ఉన్నాయి. అవి కొన్నిచోట్ల నీటిని ఆపుతాయి, కొన్నిచోట్ల తమ అంచు వెంట నడిపిస్తాయి. తెల్లటి పలుగురాతి చారల పక్కన రాయి మామూలు కంటే లోతుగా మెత్తబడి ఉండొచ్చు. ఇవేవీ రంగుల పటంలో తెలియవు. పైగా హబ్సిగూడలాంటి చోట గీతలన్నీ కాంక్రీటు కిందే ఉన్నాయి. మండలం మొత్తాన్ని ఒక రంగులో చూపే పటం మూడొందల గజాల ప్లాటుకు దారి చూపదు. ఎక్కడ వెతకాలో చెప్పడానికి ఆ పటం పనికొస్తుంది, ఎక్కడ తవ్వాలో చెప్పడానికి పనికిరాదు.

‘మరి ప్రతి ఇంటికీ సర్వే చేయించమంటారా? ఎంత ఖర్చు?’ ఎప్పుడూ చివరికి ఇదే వస్తుంది. 2013-14లో ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు హెలికాప్టర్‌కు పెద్ద తీగ చట్రం వేలాడదీసి పట్నా, జైసల్మేర్ వంటి ఆరు చోట్ల నేల లోపలి పొరలను కొలిచారు. మన వీధికి హెలికాప్టర్ అక్కర్లేదు. మన దగ్గర అంతకంటే చవకైన సమాచారం ఉండి మూలన పడింది. బోరుకు కేసింగ్ ఎన్ని అడుగులు దిగింది? మెత్తటి మట్టి, మొరం కూలకుండా ఆపడానికే కేసింగ్ వేస్తారు, గట్టి రాయి తగలగానే ఆపుతారు. అంటే కేసింగ్ పొడవు ఆ చోట మెత్తటి పొర మందం. 20 అడుగులు దిగిన ఇంటికీ 70 అడుగులు దిగిన ఇంటికీ కింద ఉన్న నేల ఒకటి కాదు. కేసింగ్ అడుగుల లెక్కన కొన్న పైపు కాబట్టి బిల్లులోనే ఉంటుంది. ఒక వీధిలో ముప్పై ఇళ్ల కేసింగ్ పొడవులు కాగితం మీద వేస్తే అది ఏ ఉపగ్రహ పటం కంటేనైనా నికార్సైన పటం. దానికి తోడు, వాడకంలో లేని బోరులోకి బరువు కట్టిన టేపు వదిలి, మేలో ఒకసారి, నవంబరులో ఒకసారి నీటిమట్టం చూడాలి. గుంత తవ్వబోయే చోట ముందు చిన్న గొయ్యి తీసి, ఒక పూట నీళ్లతో నానబెట్టి, మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో స్కేలుతో కొలవాలి. నానబెట్టకుండా కొలిస్తే మోసపోతాం, ఎండిన మట్టి మొదట ఆత్రంగా తాగుతుంది. పార్కులో, బడి ఆవరణలో, చెరువు అంచున పెద్ద నిర్మాణం తలపెడితే అప్పుడు నేలలోకి కరెంటు పంపి పొరలను పసిగట్టే విద్యుత్ నిరోధక సర్వే చేయించాలి. దాని ఖర్చు ఒక దుమ్ము బోరు ఖర్చు కంటే తక్కువే.

అసలు చట్టం చేతిలోనే ఉంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద బోరు వేయడానికి అనుమతి కావాలి, బోరు బండి రిజిస్టర్ అయి ఉండాలి. ప్రతి బోరుకూ కేసింగ్ పొడవు, పగులు తగిలిన లోతు, నీటిమట్టం నింపిన ఒక్క పేజీ ఇస్తేనే బండికి తర్వాతి అనుమతి అని షరతు పెడితే, రెండు మూడేళ్లలో ఉప్పల్ మండలం కింది రాయి మన ముందు పరుచుకుంటుంది. ఆ కాగితాలు చూసి, నవంబరులో నీళ్లు 3 మీటర్ల లోపున ఉన్న పల్లపు వీధుల్లో గుంత నిబంధన ఎత్తేసి, డాబా నీటిని సంపులోకి పట్టి వాడుకోమని చెప్పాలి. ఆ డబ్బును పై వాలులో మొరం మందంగా, గరుకుగా ఉన్న చోట్లకు, క్యాంపస్ ఖాళీ నేలలకు, పూడిక తీయాల్సిన చెరువులకు మళ్లించాలి. వరద తగ్గించడానికే గుంతలంటే ఆ మాటే చెప్పండి, అప్పుడు వరద లెక్కన పెద్ద నిలవ గుంతలు కట్టండి. బోరు నిండుతుందని మాత్రం చెప్పకండి.

కాలనీ సంఘాల వాళ్లకు ఒక మాట. ఈ వేసవిలో సర్వసభ్య సమావేశం పెట్టినప్పుడు కొత్త గుంతల తీర్మానం కంటే ముందు, ప్రతి ఇంటి బోరు బిల్లులో కేసింగ్ ఎన్ని అడుగులో రాయించి తీసుకోండి. ఆ జాబితా చేతికొచ్చేదాకా ఒక్క గుంత కూడా తవ్వకండి.